దోక్‌సూ అసలు ముఖం

తలుపు తన్ని లోపలికొచ్చిన దోక్‌సూ, ఫొటో స్టూడియోలో ఒంటరిగా ఉన్న మ్యోంగ్‌సుక్ జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టాడు.

"వాచిన ముఖంతో మా ఆవిడ నీ దగ్గర ఫొటో తీయించుకుందటగా? ఏదీ, ఇలా తే."

"నా దగ్గర ఏ ఫొటో లేదండీ," అందామె, పెదవి మీది నెత్తురు తుడుచుకుంటూ.

బూసాన్ చేపల బజారులో దోక్‌సూ అంటే అందరికీ గౌరవం. ముసలివాళ్ల బుట్టలు మోస్తాడు. చర్చిలో ముందు వరుసలో నిలబడి పాడతాడు. ఇప్పుడతను లైటు స్టాండు లాగి ఆమె మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

"ఇంకోసారి అడగను. దాని ఫొటో ఎక్కడ?"

మ్యోంగ్‌సుక్ నేల మీదికి జారిపోయింది. అతను స్టాండు మళ్లీ ఎత్తి, పళ్లు బిగించి మీదికి వచ్చాడు. విరగని చేతి గుప్పిట్లో దాచుకున్న కెమెరా రిమోట్‌ను ఆమె నొక్కింది. మూలనున్న కెమెరా తన పని చేసిందని అతనికి తెలియలేదు.

మెట్ల మీద అడుగులు వినిపించగానే స్టాండు పారేశాడు.

"పాపం, జారిపడ్డారండీ. ఎవరైనా అంబులెన్సు పిలవండి," అన్నాడు మెత్తగా.

మర్నాడు, స్టాండు ఎత్తి మీదికొస్తున్న దోక్‌సూ ఫొటో నిలువెత్తున స్టూడియో అద్దాల కిటికీలో వేలాడింది. బజారంతా నిలబడి చూసింది.

దోక్‌సూ భార్య, మ్యోంగ్‌సుక్ చేతి కట్టును నిమురుతూ ఏడ్చింది. "ఆయన అసలు ముఖం ఫొటో తీసిపెట్టమన్నానే గానీ, ఇంత దెబ్బ తింటావనుకోలేదక్కా."

"ఊరికే పిలిస్తే నవ్వుతూ కూర్చునేవాడు, చెల్లీ. అందుకే నీ ఫొటో నా దగ్గరుందని అబద్ధం చెప్పి పంపమన్నాను."