గోరింక నేర్పిన గూడు

చెరువు మీదికి వంగిన తుమ్మకొమ్మ మీద ముసలి గిజిగాడు కుర్రాళ్ళకి గూడు అల్లడం నేర్పుతుండేవాడు. "ముడి వేశాక లాగి చూడండిరా" అని చెప్పి తల తిప్పేసరికి ఒక్కడూ ఉండేవాడు కాదు. అందరూ కంచె దగ్గరే.

అక్కడ గోరింక గడ్డిపోచతో క్షణానికో కొత్త ముడి చూపించేది. ఒకటి బిగిసేలోగా ఇంకోటి మొదలుపెట్టేది. కుర్రాళ్ళు రెక్కలు కొట్టి మెచ్చుకునేవాళ్ళు.

"ఒక్కటైనా మీరు వేసి చూశారట్రా?" అని ముసలాడు విసుక్కునేవాడు.

"అన్నీ చూశాం తాతా, వచ్చేసినట్టే."

వానలు దగ్గరపడ్డాయి. చిట్టిరెక్క అనే కుర్రాడు సగం గూడు అల్లి ఆడపిట్టను పిలిచాడు. గిజిగాళ్ళలో ఆడపిట్ట గూడు లాగి చూడందే కాపురానికి ఒప్పుకోదు. ముక్కుతో ఒక్కసారి లాగింది. గూడు ఊడి నీళ్ళలో పడింది. ఆమె పక్క కొమ్మకి వెళ్ళిపోయింది.

చిట్టిరెక్క తిన్నగా కంచె దగ్గరికే ఎగిరాడు. పడిపోయిన గూడు మళ్ళీ కట్టడం ఎలాగో గోరింక చెబుతోంది.

ముసలాడికి ఒళ్ళు మండిపోయింది. "ఒరేయ్, గోరింక కాపురం చెట్టు తొర్రలోరా. అది జన్మలో గూడు అల్లిన పాపాన పోలేదు."

"తెలుసు తాతా," అన్నాడు చిట్టిరెక్క, చూపు తిప్పకుండా. "కాస్త ఊరుకో, వినపడట్లేదు."