అరచేతి సుత్తి

"రేపు పొద్దున రెండు వేళ్లు తీసేయాలి. సంతకం పెట్టు" అన్నాడు రక్తనాళాల డాక్టరు.

వడ్రంగి తన కుడిచెయ్యి చూసుకున్నాడు. ఉంగరపు వేలు, చిటికెన వేలు కొనల దగ్గర బొగ్గులా నల్లబడ్డాయి. ఆ చెయ్యి ఆడితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

"ఇంకో దారి లేదా సార్?"

"రోజుకు ఎన్ని సిగరెట్లు?"

"ఒక్కటీ లేదు సార్. పిల్లల మీద ఒట్టు."

"సిగరెట్లతో వేళ్లు నల్లబడి వచ్చినవాళ్లంతా ఇదే ముక్క చెబుతారు." పదిహేనేళ్ల సర్వీసు మరి! రోగి నోటికన్నా తన అనుభవం మీదే ఆయనకు నమ్మకం.

పక్కనున్న భార్య భోరుమంది. "పిల్లల మీద ఒట్టేసి కూడా అబద్ధమేనా? ఈ పాడు అలవాటుకే కదండీ బావగారితో మాటలు మానేశాం! ఆయన్ని గుమ్మం కూడా ఎక్కనివ్వలేదే! ఇప్పుడు మిమ్మల్నేం చెయ్యమంటారు?"

వేళ్లు పోవడం ఒక ఎత్తు, కట్టుకున్నదే నమ్మకపోవడం ఒక ఎత్తు. వడ్రంగికి ఏడుపు ముంచుకొచ్చింది.

సంతకాల కాగితం కోసం డాక్టరు సొరుగు లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. మొండికేసింది.

"ఉండండి సార్." వడ్రంగి అలవాటుగా లేచి, చిటికెన వేలి కిందుండే కండతో సొరుగు అంచున ఫట్‌మని ఒక్కటిచ్చాడు. సొరుగు ఊడొచ్చింది. అతను మాత్రం చెయ్యి పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు.

డాక్టరు కాగితం సంగతే మరిచిపోయాడు.

"రోజుకు ఎన్నిసార్లు కొడతావలా?"

"లెక్కేముంది సార్, రెండు మూడొందలు. సుత్తితో కొడితే పాలిష్ మీద గాటు పడుతుంది. పలకలు బిగించాలంటే అరచెయ్యే మాకు సుత్తి."

డాక్టరు అతని చేత పిడికిలి బిగింపించి, మణికట్టులో రెండు నాళాలూ నొక్కి, చిటికెన వేలి వైపుది వదిలాడు. పిడికిలి తెరిచినా అటునుంచి రక్తం ఎక్కక అరచెయ్యి తెల్లగా పాలిపోయే ఉంది. ఇన్నాళ్లూ ఎవరూ తీయించని అరచేతి స్కాన్ గంటలో వచ్చింది.

"సిగరెట్టు కాదమ్మా. కొట్టీ కొట్టీ అరచేతిలో నాళం నలిగింది. అక్కడ గడ్డకట్టిన రక్తం తునకలై వేళ్లకు అడ్డం పడుతోంది. పాడైన ముక్క తీసేసి, కాల్లోంచి నాళం తెచ్చి అతికిస్తాను. కొనల్లో కాస్త చర్మం పోతుందేమో గానీ వేళ్లు దక్కుతాయి."

భార్య ఆ నల్లబడ్డ చేతిని కళ్లకద్దుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

డాక్టరు మొహం వెలిగిపోయింది. "నా సర్వీసులో ఇలాంటి కేసు రావడం ఇదే మొదటిసారి!"

వడ్రంగి నవ్వలేదు.

"రెండోసారి సార్. ఈ దెబ్బ నాకు నేర్పింది మా అన్నయ్య. ఆయనా పిల్లల మీదే ఒట్టేశాడు. సిగరెట్లేనని తేల్చి, పోయినేడు ఆయన మూడు వేళ్లు తీసింది మీరే."