ముందు నంబరు, తర్వాత తేదీ

మందుల గోడౌన్‌లో కొత్త స్కానర్ మళ్ళీ కుయ్యిమంది. కంప్యూటర్ తెర మళ్ళీ ఎర్రబడింది.

స్టోరమ్మకు ఏడుపొక్కటే తక్కువ. పదకొండేళ్ళుగా స్టోరు చూస్తున్న ఆమెను అందరూ అలాగే పిలుస్తారు.

కంప్యూటర్‌కు ముందు బ్యాచ్ నంబరు కావాలి, తర్వాత గడువు తేదీ. ఈ మహానుభావుడు స్కానర్ మాత్రం తేదీని ముందు తోసి, నంబరును వెనక పంపుతున్నాడు. ఒక్క పెట్టె కూడా గేటు దాటడం లేదు.

"పన్నెండింటికల్లా మూడు వ్యాన్లూ కదలకపోతే, రేపట్నుంచి మీరు రానక్కర్లేదు," అని మేనేజరు పొద్దున్నే తేల్చేశాడు.

ఇప్పుడు పదిన్నర.

"నేనొకసారి చూడొచ్చా అమ్మా?"

మేనేజరు కోసం బెంచీ మీద కూర్చున్న మనిషి అడిగాడు.

"ఏమైనా అమ్మడానికొచ్చారా? ఈ పూట నా ప్రాణం తీయకండి బాబూ!"

"నా దగ్గర అమ్మేదేమీ లేదండీ. ఆ సెట్టింగుల కాగితం ఇలా ఇవ్వండి."

కాగితం నిండా చారల కోడ్‌లే. వాటిని ఏ వరసలో చూపిస్తే స్కానర్ ఆ వరసలోనే వివరాలు పంపుతుంది.

"ఇరవైసార్లు చూపించాను. ముందు నంబరు, తర్వాత తేదీ. వింటేగా!"

"మీ వరస సరైనదే. కోడ్‌లే మరీ ఒరుసుకుని ఉన్నాయి. మీరొకటి చూపిస్తే అది పక్కదాన్ని చదువుతోంది."

అతను రెండు అరచేతులతో కాగితమంతా కప్పి, ఒక్క కోడ్‌ను మాత్రం వదిలాడు.

"ఇప్పుడు స్కాన్ కొట్టండి."

"మీరే కొట్టొచ్చుగా?"

"మీ స్టోరు. మీ చేత్తోనే కావాలి."

నంబరు. తేదీ. చివరగా సేవ్.

స్టోరమ్మ పెట్టె మీద స్కానర్ పెట్టింది.

తెర పచ్చబడింది!

రెండో పెట్టె, పచ్చ. మూడోది, పచ్చ. హమాలీలు ఈలలు వేశారు. ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. స్కానర్ ఝళిపిస్తూ గోడౌనంతా కలియతిరిగింది. పన్నెండుకు పది నిమిషాలుండగానే మూడో వ్యాన్ గేటు దాటింది.

"శెభాష్! రేపు కాదు, రిటైరయ్యేదాకా మీరే రావాలి," అన్నాడు మేనేజరు, నవ్వుతూ వచ్చి.

ఆమె సంతోషంగా వెనక్కి తిరిగింది. బెంచీ ఖాళీగా ఉంది.

"ఆయన ఏరండీ? ఇదంతా ఆయన చలవే. కనీసం మంచినీళ్ళయినా ఇవ్వలేదు నేను."

మేనేజరు నవ్వు ఆగిపోయింది.

"ఆరు నెలలుగా తనకు పని లేదంటే, మీ స్థానంలోకి నేనే రమ్మన్నానమ్మా. 'ఇక్కడ ఖాళీ లేదు సార్' అని నాకే చెప్పి వెళ్ళిపోయాడు."