గేటు మూసిందెవరు?

"ఏమయ్యా, ఆ గేటు మూసింది నువ్వేనా?"

బైకు కింద కాలు ఇరుక్కుపోయి, నిన్న మధ్యాహ్నం నుంచి ఎర్ర ఇసుకలో వెల్లకిలా పడి ఉన్న మనిషిని పలకరించే తీరేనా అది! డెర్మట్‌కి ఏడుపొచ్చింది. హారన్ కొట్టి కొట్టి బ్యాటరీ నీరసించిపోయే వేళకి ఇసుక దిబ్బ పక్కనుంచి ఒక ట్రక్కు వచ్చి ఆగింది. పోయిన ప్రాణం లేచొచ్చిందనుకున్నాడు. తీరా దిగింది గ్లెనిస్. మైళ్లకొద్దీ ఎడారిలో పశువుల్ని మేపే ఆ 'స్టేషన్'లో నీటి తొట్లూ, కంచెలూ, గేట్లూ చూసుకునే ముసలావిడ.

"నీళ్లు..." అన్నాడు.

"ఇస్తానుండు. తిట్టడానికైనా నువ్వు బతకాలిగా." డబ్బా మూత తీసి అతని తల కింద చెయ్యి పెట్టింది. "మెల్లగా తాగు. గటగటా తాగావంటే కక్కుకుంటావ్. నా ఆవులూ నీలాగే నాలుకలు వేలాడేసుకుని గేటు దగ్గర నిలబడిపోయాయి. అవి ఇటు, తొట్టి అటు. ఒక దూడ కూలబడిపోయింది. లేస్తుందో లేదో దేవుడికెరుక. వాటి అరుపులు గాలికి ఇంటిదాకా వినిపిస్తే పరిగెత్తుకొచ్చి గేటు తీశాను. ఇంతలో ఇటునుంచి నీ హారన్!"

"అమ్మా, నేను..."

"నోరు మూసుకుని తాగు! తెరిచున్న గేటు తెరిచే ఉంచాలి, మూసున్న గేటు మూసే ఉంచాలి. ఇక్కడ పాలు తాగే పసివాడికి కూడా తెలుసు. మీ పట్నం వాళ్లు మాత్రం అదేదో మర్యాద అనుకుని అన్నీ మూసేసి పోతారు. మీ మర్యాద తగలెయ్య!"

తిడుతూనే తాడు తెచ్చి బైకుకి కట్టింది. ట్రక్కుతో అంగుళం అంగుళం లాగింది. కాలు బయటపడింది గానీ చీలమండ పక్కకి తిరిగిపోయి ఉంది. డెర్మట్ గావుకేక పెట్టాడు.

"అరుచుకో, అరుచుకో. అరిచేవాడు అంత తొందరగా చావడు." అతని గుడారం కర్రలే రెండు విరిచి కాలికి అటూ ఇటూ పెట్టి, అతని తువ్వాలుతోనే కట్టు కట్టింది. "ఒక్కడివే రమ్మని ఎవరు చెప్పారు నీకు?"

"కొన్నాళ్లు మనుషులు కనపడని చోట తిరగాలనిపించింది."

"ఇంకేం, కోరిక తీరింది. నిన్నంతా ఎవడూ నీకు అడ్డు రాలేదుగా!"

అంత నొప్పిలోనూ డెర్మట్‌కి నవ్వొచ్చింది. ఆవిడ భుజం మీద చెయ్యేసి, ఒంటికాలి మీద కుంటుకుంటూ ట్రక్కెక్కాడు. ఎక్కాడో లేదో రేడియో గరగరమంది. స్టేషన్ మేనేజర్ హెడ్లీ. గేటు మూసి ఉందన్న సంగతి ఆవిడ ఇందాకే అతనికి చెప్పింది.

"గ్లెనిస్, గేటు ఎవరు మూశారు?"

గ్లెనిస్ మైకు అందుకుంది. "ఎవరో బైకు మీద వచ్చి, కాలు విరగ్గొట్టుకుని పడున్న..."

"మీరు కళ్లారా చూశారా? మొన్న ఆ వైపు వెళ్లింది మీరే కదా. పోయిన నెల పంపు ఆపడం మరిచిపోయి తొట్టి పొంగించారు. అప్పుడే చెప్పాను, ఇంకొక్కసారి మరుపొస్తే తాళాలిచ్చేసి పట్నంలో వృద్ధాశ్రమానికి వెళ్లక తప్పదని. నిజం చెప్పండి. మీరే మూసేసి వచ్చారా?"

ఇందాకటి నోరంతా ఏమైపోయిందో! గ్లెనిస్ మైకు దగ్గరికి తెచ్చుకుంది. "నేను... తెరిచే వచ్చాననుకుంటా, బాబూ."

"అనుకుంటారా?"

గ్లెనిస్ అద్దంలోంచి ఆ ఇసుక వైపు చూసింది. పాపం, ఆ ఎర్రమట్టి తప్ప ఆవిడకి మరో ఊరు లేదు. పట్నంలో గదిలో కూర్చోబెడితే ఆ మనిషి బతుకుతుందా? ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

డెర్మట్ చెయ్యి చాచి మైకు లాక్కున్నాడు. "సార్, నా పేరు డెర్మట్. ఆ గేటు మూసింది నేనే. పశువులు బయటికి పోతాయేమోనని మూశాను. బుద్ధి గడ్డి తింది."

"నీ తెలివి తెల్లారినట్టే ఉందయ్యా! నా మందని చంపేసేవాడివి కదా!" హెడ్లీ అటునుంచి చెడామడా దులిపేశాడు. చివరికి గొంతు తగ్గించాడు. "గ్లెనిస్, తొందరపడి మాట అన్నాను, మనసులో పెట్టుకోకండి. ఆ మానవుణ్ణి తీసుకురండి. డాక్టర్ని తీసుకొచ్చే విమానానికి కబురు చేస్తాను."

గ్లెనిస్‌కి ఊపిరొచ్చింది, దాంతోపాటు నోరూ వచ్చింది. "విన్నావా? నీవల్ల ఎంత పని అయ్యేది! ఈ ముసలి వయసులో నా కొంప ముంచడానికే పనిగట్టుకుని వచ్చావా?"

"తప్పయిపోయింది, క్షమించండి," అన్నాడు డెర్మట్.

ఆవిడ తిట్టుకుంటూనే ట్రక్కు తిప్పడానికి వెనక్కి పోనిచ్చింది. ఉన్నట్టుండి బ్రేకు వేసింది. దిగి, వంగి నేలకేసి చూసింది. బైకు పడినచోటు నుంచి గేటు వైపు కొంతదూరం నడిచి మళ్లీ వచ్చింది. సీట్లో కూర్చుని అతనివైపు తిరిగింది.

"నువ్వు పడమటినుంచి వచ్చావు," అంది నెమ్మదిగా. "నీ చక్రాల జాడ ఇక్కడితో ఆగిపోయింది. గేటు ఇంకా ముందుంది. నువ్వసలు దాని మొహమే చూడలేదు."

"లేదమ్మా."

"మరి నా మతిమరుపుకి నువ్వెందుకయ్యా తిట్లు తిన్నావు?"

"మీరు ఆ గేటు తెరిచి వెళ్లుంటే ఆవులు అరిచేవా? ఆవులు అరవకపోతే నా హారన్ ఎవరికి వినపడేదమ్మా?"