మబ్బులో అక్క

“కుడివైపు ఒరిగిపోతున్నాం, ఎడమకి తిప్పు,” అంటూ చెల్లెలు తన వైపున్న స్టీరింగ్ పట్టుకుంది.

విమానం నడుపుతున్న అక్క ఆమె చేతి మీద ఫట్టున కొట్టింది. “ముట్టుకోకు. డయల్ చూడు.”

విమానం ఎటు ఒరిగిందో చూపే డయల్‌లో గీత సమంగానే ఉంది. అద్దాల బయట తెల్లటి మబ్బు తప్ప ఇంకేమీ లేదు. రెండు ప్రొపెల్లర్ల నుంచి విరిగిన మంచు ముక్కలు పక్క రేకుకు టపటపా తగులుతున్నాయి.

“డయల్ చెడిపోయింది. పడిపోతున్నామని నా ఒళ్ళు చెబుతోంది.”

“రెండో డయల్ కూడా అదే చూపిస్తోంది. మబ్బులో ఒళ్ళు అబద్ధం చెబుతుంది.”

“నీకేం తెలుస్తుందిలే. నాన్న పోయి నెల తిరక్కుండానే ఆయన విమానం అమ్మడానికి బయల్దేరావు. కంట చుక్క లేదు. రాయివి నువ్వు.”

అంత చలిలోనూ అక్క కణతల మీద చెమట కారడం చెల్లెలు అప్పుడే చూసింది. అక్క మెడ కూడా తన మెడలాగే ఎడమకి వంగిపోయి ఉంది.

“నీకూ ఒరిగినట్టే ఉందా?”

“మబ్బులోకి వచ్చినప్పట్నుంచీ.”

“మరి చెప్పవేం?”

“ఇద్దరం భయపడితే దీన్ని ఎవరు దించుతారు?”

చెల్లెలు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపటికి మబ్బు అడుగున రన్‌వే దీపాలు కనిపించాయి, సరిగ్గా ఎదురుగా.

“అయినా దీన్ని అమ్మడం తప్పు,” అంది చెల్లెలు.

“తప్పే,” అంది అక్క, దీపాల మీంచి చూపు తిప్పకుండా. “చక్రాలు దించు.”