నల్ల తేనె

నెల్లూరు ఆసుపత్రి వాళ్ళు ఇక చేసేదేం లేదని ఇంటికి పంపేశాక మాల్యాద్రి మంచం దిగలేదు. రోజూ భార్యను ఒకటే అడిగేవాడు: "తోటలో పూత నిలిచిందా?"

"విరగబూసి ఉండాది మామా." అతని ముఖం చూడకుండా చెప్పేది పేరమ్మ.

ఆ రోజు ఆమె మాటకు సాక్ష్యం దొరికింది. మామిడికొమ్మకు పట్టిన తేనెపట్టు పిండి, గిన్నెతో పరిగెత్తుకొచ్చింది.

"చూడు! పూత లేకుంటే ఇంత తేనె యాడ్నుంచి వస్తాది?"

తేనె నల్లగా, బెల్లంపాకంలా ఉంది. మాల్యాద్రి వేలితో నాలుకకు రాసుకున్నాడు. తీపి తక్కువ.

"మంచి తేనె. ఎన్నాళ్ళున్నా గడ్డకట్టదు. దగ్గుకు మంచిది, పుండ్లకు మంచిది. దాచిపెట్టు."

పేరమ్మ ఊపిరి పీల్చుకుంది.

"మా నాయన ఉన్నప్పుడు ఒక్కసారి తిన్నా," అన్నాడతను. "తేనెమంచు పురుగు పూత రసమంతా పీల్చేసి, ఆకుల మీద తీపి జిగురు కారుస్తాది. పూలు మిగలని ఏడాది తేనెటీగలు ఆ జిగురే తెచ్చి పట్టులో పెడతాయి. అప్పుడే తేనె ఇట్టా నల్లగా ఉంటాది."

పేరమ్మ గిన్నె మీద మూత పెట్టింది.

"రేపట్నుంచి పూత సంగతి అడగనులే, పేరమ్మా."