ఓడ రంగు

“థిన్నర్ పొయ్యవే, చిటికెలో ఊడిపోతుంది! కింద బండివాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు,” అంది అక్క, సర్దిన పెట్టె మీద కూర్చుని.

“థిన్నర్ పోస్తే రంగుతోపాటు ఓడా పోతుంది. ప్లాస్టిక్ బొమ్మ కదా, కరిగి ముద్దయిపోతుంది. ఆయన బ్రేక్ ఆయిల్లోనే నానబెడతారు, తలుపు సందులోంచి చూశా.”

చెల్లెలు రబ్బరు తొడుగుల చేత్తో ట్రేలోంచి ఒక ముక్క పైకి తీసింది. పొద్దున్నుంచీ నానిన బూడిదరంగు, పాల మీద మీగడలా ముడతలు పడి ఉంది.

“నువ్వు వదిలేసి పోయే మొగుడికి ఈ ఊడిగం దేనికే?”

“పదకొండేళ్లలో నోరు తెరిచి అడిగిన మొదటి పనక్కా. పొద్దున కొట్టునుంచి ఫోన్ చేశారు. ‘మధ్యాహ్నం వస్తా, ఓడ రంగు తీసి ఉంచు’ అన్నారు. అంతే, పెట్టేశారు. ఇది చేసిపెట్టి వచ్చేస్తా.”

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. మనిషి బెల్లం కొట్టిన రాయి. కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఆయన నోట్లో అది నాని, మొలకెత్తి, కాయ కాసినా బయటికి రాదు. పదకొండేళ్ల కిందట, పుట్టిన రెండో రోజునే పాప పోయినప్పుడు కూడా కంట చుక్క లేదు, నోట మాట లేదు. ఆ వారమే ఈ బొమ్మ ఓడ ముక్కలు కొనుక్కొచ్చి, తలుపేసుకుని ఒక్కొక్కదానికీ రంగు పూయడం, తీసి మళ్లీ పూయడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లయినా అతికించిందీ లేదు, ముగించిందీ లేదు. ఆ రాయితో ఇక వేగలేకే చెల్లెలు పెట్టె సర్దింది.

సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రుద్దింది. తెల్లటి ప్లాస్టిక్ బయటపడింది. దాని మీద సన్నని గీతలు.

“గీరుకుపోయిందా?”

“కాదక్కా... వరసగా ఉన్నాయి.”

గడియారాల కోసం ఆయన వాడే భూతద్దం తెచ్చి కంటికి ఆనించుకుంది. చీమ కాళ్లంత అక్షరాలు! సూదిమొనతో చెక్కినవి.

“ఏం రాసుందే?”

“‘నీ గోళ్లు బియ్యపు నూకల్లా ఉన్నాయి.’”

అక్క పెట్టె మీద నుంచి లేచింది. చెల్లెలు ఓడ పక్కన వేలాడదీసే గోరంత పడవను కడిగింది.

“‘నా వేలు పట్టుకున్నావు. నర్సు విడిపించింది.’”

పొగగొట్టం కడిగింది. ముక్కను అక్క ముందుకు తోసింది. అక్కే భూతద్దం లాక్కుని చదివింది.

“‘మీ అమ్మ నిద్రలో నీకోసం చెయ్యి చాపింది. తలగడ అందించాను.’”

 తర్వాత అక్క కొంగు దోపుకుని, ఇంకో బ్రష్ పట్టుకుంది. అడుగుభాగం, చుక్కాని, మెట్లు... ఏ ముక్క కడిగినా ఉత్తరమే. ‘ఇవాళ మీ అమ్మ నవ్వింది. పదిహేను నెలలకి.’ ‘నీకు బడికెళ్లే వయసొచ్చింది. గేటు దాకా వెళ్లి చూసొచ్చాను.’

“మూరెడు ఓడ,” అంది అక్క, మెల్లగా. “ఇంత బరువు ఎలా మోసిందే? రాయి, రాయి అని మా మరిదిని నోరారా తిట్టానే!”

“నోటితో చెప్పలేక రంగు తీయమన్నారక్కా. ఇన్నాళ్లకి నాకు చూపించాలనిపించింది.”

కింద మళ్లీ హారన్. అక్క కిటికీలోంచి సగం బయటికి వంగింది.

“పోవయ్యా బాబూ, ఎవరూ రారు! చెవులు చిల్లులు పడుతున్నాయి!”

మధ్యాహ్నం ఆయన వచ్చాడు. తువ్వాలు మీద తెల్లగా ఆరుతున్న ముక్కలను చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

“చదివానండీ,” అందామె. “అన్నీ చదివాను. ఇకనుంచి ఇద్దరం రాద్దాం.”

ఆయన గోడ పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. పదకొండేళ్ల నీళ్లు ఒక్కసారిగా కళ్లలోకి వచ్చాయి. పెదాలు చాలాసేపు కదిలాక గానీ మాట పైకి రాలేదు.

“నేను తీసి ఉంచమన్నది... అలమరలోంచి ఓడ రంగు డబ్బాని!”